విశాఖ తీరం, కొండలు: సందర్శకుల అపోహలు – వాస్తవాలు

విశాఖపట్నానికి వచ్చినవారిని తీరం వెంబడి, కొండల మీదికి తీసుకువెళ్లి చూపించడం నా వృత్తి. ఈ పనిలో కొన్ని నమ్మకాలు పదేపదే ఎదురవుతుంటాయి. వాటిలో ఒకటి ప్రాణాల మీదికి తెచ్చేది కాబట్టి ముందుగా దాని గురించే చెబుతాను.

అపోహ: అలలు తక్కువగా ఉన్న చోట దిగితే సముద్రం ఏమీ చేయదు.

వాస్తవం: రామకృష్ణా బీచ్‌లో గానీ, యారాడ బీచ్‌లో గానీ అన్నిటికన్నా భయపడవలసింది సరిగ్గా అటువంటి చోటికే. ఒడ్డుకు కొట్టిన నీరు తిరిగి లోపలికి పోవాలి కదా. ఇసుక మేటల నడుమ లోతైన పాయ దొరికితే ఆ నీరంతా అందులోకి చేరి వేగంగా వెనక్కి మళ్లుతుంది. దీన్ని రిప్ కరెంట్ అంటారు. పాయ లోతుగా ఉండడం వల్ల అక్కడ అల విరగదు, నురగ కట్టదు, అందుకే కొత్తవారి కంటికి అదే ప్రశాంతంగా కనిపిస్తుంది. ఈ ప్రవాహం మనిషిని అడుగుకు లాగదు, లోపలికి మాత్రమే తీసుకుపోతుంది. దానికి ఎదురీది అలసిపోయినవారే మునిగిపోతారు. చిక్కుకుంటే ఒడ్డుకు సమాంతరంగా ఈది, అలలు విరుగుతున్న చోటికి చేరి, వాటితో పాటు బయటికి రావాలి. ఈదే శక్తి లేకపోతే తేలుతూ చెయ్యి ఊపాలి. రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత వంటివి చూసి బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది నిజమే కానీ, ఆ గుర్తింపు అలకు తెలియదు. అక్కడ కూడా హద్దులు కట్టిన చోటనే స్నానం చేయాలి. జాలర్లు వద్దన్న చోట దిగవద్దని నేను చేతులు జోడించి అడుగుతాను.

అపోహ: ఆంగ్లేయులు వచ్చేదాకా విశాఖకు చెప్పుకోదగ్గ చరిత్ర లేదు.

వాస్తవం: భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కినవారు ఈ మాట అనరు. క్రీస్తుకు పూర్వమే ఇక్కడ బౌద్ధ భిక్షువులు నివసించారు. నౌకాదళం విమానం నుంచి చేసిన సర్వేలో బయటపడిన ఈ స్థలంలో 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు జరిగి స్తూపాలు, చైత్యాలు (ప్రార్థనా మందిరాలు), భిక్షువులు ఉండే విహారాల గదులు, భోజనశాల వెలుగు చూశాయి. వాననీటిని నిలవ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. కొండ మీద అంతమంది ఎలా బతికారన్న ప్రశ్నకు జవాబు వాటిలోనే ఉంది కనుక నేను అందరినీ ముందు అక్కడే ఆపుతాను. బావికొండ, పావురాలకొండ, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ కూడా ఆ బౌద్ధ పరంపరకు చెందినవే. సింహాచలం ఆలయంలో 11వ శతాబ్దం చివరి నాటి శాసనం ఉంది. కళింగ దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో స్వామిని దర్శించి కానుకలిచ్చాడు. భీమిలిలో 17వ శతాబ్దంలో డచ్చివారు స్థావరం ఏర్పరచుకున్నారు, వారి సమాధులు ఇంకా నిలిచే ఉన్నాయి. దయచేసి తొట్లకొండ ఇటుక కట్టడాల మీద కూర్చుని భోజనాలు చేయకండి.

అపోహ: భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు ఎవరో తవ్విపోసిన గుట్టలు, ఎక్కడైనా ఎక్కవచ్చు.

వాస్తవం: ఇవి సముద్రమట్టం హెచ్చుతగ్గులు, గాలి, వాన కలిసి వేల సంవత్సరాల పాటు తీర్చిన ఇసుక దిబ్బలు. రేణువులకు పట్టిన ఐరన్ ఆక్సైడ్ వల్ల వాటికి ఆ ఎరుపు వచ్చింది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. దిబ్బ అంచు గట్టిగా కనిపించినా లోపల వదులు ఇసుకే కాబట్టి, పైకెక్కితే అది విరిగి మనిషితో సహా జారుతుంది. ఒక్కసారి విరిగిన అంచు మళ్లీ ఏర్పడదు. వాగులు కోసిన దారుల్లోనే నడవాలి, వర్షం పడుతున్నప్పుడు ఆ దారుల్లోకీ దిగకూడదు.

అపోహ: బీచ్ రోడ్డులోని కురుసుర సబ్‌మెరైన్ ప్రదర్శనకు కట్టిన నమూనా.

వాస్తవం: అది నిజమైన జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి, 1971 భారత్-పాక్ యుద్ధకాలంలోనూ సేవలందించి, 2001లో విరమించింది. మరుసటి ఏడాది మ్యూజియంగా మారింది. లోపలి దారులు ఇరుకైనవి, మోకాళ్ల నొప్పులున్నవారు ముందే ఆలోచించుకోవాలి.

అపోహ: బొర్రా గుహలు, అరకు, నగరం అన్నీ ఒకే రోజులో చూసేయవచ్చు.

వాస్తవం: బొర్రా నగరానికి దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో, కొండల మీద ఉంది, అరకు ఇంకా పైన. ఉదయం అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలెక్కితే సొరంగాల గుండా సాగే ఆ ప్రయాణానికే సగం పూట పడుతుంది. రాత్రి అరకులో ఉండి, మర్నాడు దిగివస్తూ బొర్రా చూడడం మంచిది. గుహలో మెట్లు తడిగా ఉంటాయి, జారని చెప్పులు వేసుకోవాలి.