అంతర్ముఖత్వం, బిడియం, భయం: అపోహలు – వాస్తవాలు

విజయవాడ సూర్యారావుపేటలో సైకాలజిస్టుగా పనిచేస్తున్న నా దగ్గరకు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రులు కూర్చుంటూనే చెప్పే మాట ఒకటుంది: “మావాడు ఇంట్రోవర్ట్ అండీ.” ఇదివరకు ఇదే సంగతిని “నలుగురిలో కలవడండీ”, “నోట్లో నాలుక లేదండీ” అని చెప్పేవారు. ఆ మాటల్లో కనీసం ఒక ఆదుర్దా, ఎవరికైనా చూపిద్దామన్న తొందర ఉండేవి. ఇప్పుడు పేరు తెలిసింది కాబట్టి సంగతి తేలిపోయిందని అనుకుంటున్నారు. కొందరైతే ఆ పేరు మీద భరోసా పెట్టుకుని ఏళ్ల తరబడి ఊరకుండి, పిల్లవాడు కాలేజీ మానేశాక వస్తున్నారు.

అపోహ: తక్కువ మాట్లాడేవాళ్లంతా ఇంట్రోవర్ట్‌లే. అది పుట్టుకతో వచ్చిన స్వభావం కాబట్టి చేయగలిగిందేమీ లేదు.

నేను చూసినంతలో మన కుటుంబాలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే కనుక దీని గురించే ఎక్కువ రాస్తాను.

అంతర్ముఖులు (ఇంట్రోవర్ట్‌లు), బహిర్ముఖులు (ఎక్స్‌ట్రోవర్ట్‌లు) అన్న విభజన స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో వెలువరించిన గ్రంథంతో ప్రచారంలోకి వచ్చింది. ఇప్పటి మనస్తత్వశాస్త్రం మనుషులను అలా రెండు జట్లుగా విడదీయదు. బహిర్ముఖత్వం అనే ఒకే లక్షణం అందరిలోనూ ఎక్కువ తక్కువలుగా ఉంటుందని, అత్యధికులు మధ్యలోనే ఉంటారని చెబుతుంది. అది తక్కువగా ఉన్నవారికి పదిమందిలో కంటే ఒకరిద్దరితో గడపడమే హాయిగా ఉంటుంది, సందడిలో ఎక్కువసేపు ఉంటే అలసట వస్తుంది. ఇందులో భయం లేదు. పెళ్లికి వెళ్లకుండా ఇంట్లో ఉండిపోయిన అంతర్ముఖుడు పుస్తకమో క్రికెట్టో చూసుకుని, కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోతాడు.

సోషల్ యాంగ్జైటీ, అంటే నలుగురి ముందుకు వెళ్లాలంటే పట్టుకునే భయం, ఉన్నవాడి పరిస్థితి వేరు. అతనికి ఆ పెళ్లికి వెళ్లాలనే ఉంటుంది. వెళితే అందరూ తననే చూస్తారని, గొంతు వణుకుతుందని, ఏదో తప్పు మాట్లాడి పరువు పోగొట్టుకుంటానని ముందు రోజు నుంచే గుండె దడ మొదలవుతుంది. చివరికి కడుపునొప్పి అని చెప్పి ఆగిపోయి, వెళ్లనందుకు వాళ్లేమనుకున్నారోనని రాత్రంతా దొర్లుతాడు. ఇటువంటి భయం ఆరు నెలలకు మించి ఉండి, చదువుకో ఉద్యోగానికో స్నేహాలకో అడ్డుపడుతుంటే వైద్యం దాన్ని రుగ్మతగా గుర్తిస్తుంది. అమెరికా లెక్కల ప్రకారం ఈ సమస్య ఉన్నవారిలో నాలుగింట మూడొంతుల మందికి అది 8 నుంచి 15 ఏళ్ల లోపు మొదలవుతుంది. అంటే, “పెద్దయితే అదే పోతుంది” అని మనం సరిపెట్టుకునే వయసులోనే అది పాతుకుపోతుంది.

ఒక కుర్రవాడి సంగతి చెబుతాను; ఆనవాళ్లు తెలియకుండా వివరాలు మార్చాను. గుంటూరు నుంచి తెచ్చి విజయవాడ శివార్లలోని ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో వేశారు. రెండో ఏడాదికల్లా బాగా చిక్కిపోయాడు. తిండి సరిగా లేదని తల్లి, చదువు ఒత్తిడి అని తండ్రి, మితభాషి అని లెక్చరర్లు అన్నారు. విడిగా కూర్చోబెట్టి మెస్ గురించి అడిగితే, చాలాసేపటికి, తలెత్తకుండా చెప్పాడు: ఎదురుగా ఎవరైనా ఉంటే ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు చెయ్యి వణుకుతుందట. అందుకని అందరూ తిని వెళ్లిపోయాక, గిన్నె అడుగున మిగిలిన సాంబారు, చల్లారిన అన్నం వేసుకుని గోడవైపు తిరిగి తినేవాడు. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఇచ్చిన సాల్ట్‌ను సరిగ్గా గుర్తుపట్టి కూడా వైవాలో నోరు విప్పలేక మార్కులు పోగొట్టుకున్నాడు. ఇంట్లో వాళ్లు మాత్రం, “మొదటినుంచీ ఇంతేనండీ, ఇంట్రోవర్ట్” అన్నారు.

ఆ కుర్రవాడికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మెల్లగా మార్చుకునే మాటల చికిత్స, పనిచేసింది. భయపెట్టే పనులన్నిటినీ తన నోట్‌బుక్‌లో రాసుకుని, ఒక్కొక్కదానికి వందకు ఎన్ని మార్కుల భయమో తనే వేసుకుని, తక్కువ మార్కుల పనితో మొదలుపెట్టాడు. సిటీ బస్సులో కండక్టరును బెంజి సర్కిల్ ఎప్పుడొస్తుందని అడగడం, బీసెంట్ రోడ్డులో ఒక దుకాణంలోకి వెళ్లి చొక్కా ధర అడిగి కొనకుండా బయటికి రావడం, ఒక్క స్నేహితుడిని పక్కన కూర్చోబెట్టుకుని మెస్‌లో తినడం. ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తుంటే దాని మార్కులు తగ్గుతూ వచ్చాయి. కొందరికి ఈ చికిత్సతోపాటు సైకియాట్రిస్టు రాసే మందులు కూడా అవసరమవుతాయి, వాటికి జంకనక్కరలేదు. ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉంది. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్న ఆ అబ్బాయి ఈనాటికీ తక్కువే మాట్లాడతాడు, ఇద్దరే స్నేహితులు, ఆదివారాలు ఒంటరిగా ప్రకాశం బ్యారేజీ మీద నడవడం అతనికి ఇష్టం. భయం పోయింది, స్వభావం ఉంది. రెండూ ఒకటే అయితే ఇలా జరిగేది కాదు.

కాబట్టి తల్లిదండ్రులు వేసుకోవలసిన ప్రశ్న “ఎంత మాట్లాడుతున్నాడు” అన్నది కాదు. వద్దనుకుని మానేస్తున్నాడా, కావాలనుకుని కూడా చేయలేకపోతున్నాడా? ముందు నుంచీ ఇలాగే ఉన్నాడా, ఈ మధ్య ఇలా అయ్యాడా? నిన్నటిదాకా గలగలా మాట్లాడిన పిల్ల హాస్టల్లో చేరిన కొన్ని నెలలకు ముభావంగా మారి, నిద్ర చెడి, ఇష్టమైన కూర వండినా పళ్లెం పక్కకు జరుపుతుంటే అది డిప్రెషన్ కావచ్చు, అక్కడ ఎవరో వేధిస్తూ ఉండవచ్చు. స్వభావం రాత్రికి రాత్రి మారదు. మారిందంటే కారణం వెతకాలి.

అపోహ: అంతర్ముఖత్వం ఒక లోపం, దాన్ని వదిలించాలి.

పై అపోహకు ఇది తోబుట్టువు. భయపడే పిల్లవాడిని వదిలేసే ఇంట్లోనే, హాయిగా ఉన్న మితభాషిని వేసవి సెలవుల్లో పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులకు తోలడం చూస్తుంటాను. వచ్చినవాళ్ల ముందు నిలబెట్టి పద్యం చెప్పమనడం, చెప్పకపోతే పక్కింటి పిల్లతో పోల్చడం చికిత్స కాదు. థెరపీలో భయాన్ని ఎదుర్కొనే మెట్లు ఆ మనిషి తానే ఎంచుకుంటాడు, తన వేగంతో ఎక్కుతాడు. బలవంతంగా నెడితే భయం రెట్టింపవుతుంది.

న్యూయార్క్‌లో మానసిక వైద్యులైన అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ దంపతులు 1956లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి పిల్లలను గమనించారు. కొత్తవారికి, కొత్త చోటికి నెమ్మదిగా అలవాటుపడే పిల్లలు సుమారు 15 శాతం ఉన్నారని చెప్పారు. పిల్లవాడి స్వభావానికి, ఇంటి పద్ధతికి ఎంత పొంతన కుదిరిందన్నదే ఆ పిల్లవాడి ఎదుగుదలకు కీలకమని వారు తేల్చారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త జెరోమ్ కాగన్ నాలుగు నెలల పసికందుల ముందు కొత్త బొమ్మలు ఆడించి, కొత్త గొంతులు వినిపిస్తే, దాదాపు ఐదోవంతు మంది కాళ్లూ చేతులూ గట్టిగా కొట్టుకుని ఏడ్చారు. వాళ్లలో చాలామంది పెద్దయ్యాక పిరికివాళ్లు కాలేదు. స్వభావానికి పుట్టుకతో పునాది ఉన్న మాట నిజమే, దాని మీద జీవితం కట్టేది చాలా ఉంటుంది.

అపోహ: అతి సున్నితత్వం అంటే బలహీనత, లేదా అంతర్ముఖత్వానికే మరో పేరు.

అమెరికా మనస్తత్వవేత్తలు ఎలైన్ ఆరన్, ఆర్థర్ ఆరన్ 1997లో ప్రచురించిన పరిశోధన అతి సున్నితత్వాన్ని విడి లక్షణంగా చూపింది. ఎలైన్ ఆరన్ అంచనాలో జనాభాలో 15 నుంచి 20 శాతం మంది ఇలాంటివారు, వారిలో 30 శాతం వరకు బహిర్ముఖులు. ఇది రోగనిర్ధారణ కాదు, మానసిక రుగ్మతల జాబితాలో లేదు. చుట్టూ ఉన్న శబ్దం, వెలుతురు, ఎదుటివారి ముఖకవళిక ఇవన్నీ వారి మనసుకు గాఢంగా తగులుతాయి.

గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మగారు ఇందుకు చక్కని ఉదాహరణ. వీధిలో ఆవిడకు తెలియని మనిషి లేదు. కూరల బండి అబ్బాయితో అరగంట కబుర్లు చెప్పందే తెల్లవారినట్లు ఉండదు. అటువంటి ఆవిడ పెళ్లిలో బ్యాండు మొదలవగానే వెనక గదిలోకి వెళ్లిపోతారు, మిక్సీ వేస్తుంటే పెరట్లోకి నడుస్తారు. ఇంట్లో అందరమూ చాలాకాలం దాన్ని చాదస్తం అన్నాం. అరగంట నిశ్శబ్దంగా కూర్చోనిస్తే ఆవిడే మళ్లీ పందిట్లోకి వచ్చి అందరినీ పలకరిస్తారు. దసరాకు ఇంద్రకీలాద్రి మీది రద్దీలోనూ ఇంతే: తెల్లవారుజామున తీసుకువెళితే సంతోషంగా దర్శనం చేసుకుంటారు.

అపోహ: ఒక్క పరీక్షతో మనిషి రకం తేలిపోతుంది.

మనిషి రకాన్ని నాలుగక్షరాల్లో చెప్పే ఎంబీటీఐ అనే వ్యక్తిత్వ పరీక్షను కాథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసాబెల్ మయర్స్ రూపొందించారు. మధ్యలో ఉండే వారినందరినీ అటో ఇటో నెట్టేస్తుంది కనుక కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి వేరే రకం వస్తుంది. సరదాకి రాసుకోండి, దాన్ని చూసి గ్రూపు ఎంచుకోవడం, సంబంధం కాదనుకోవడం వద్దు. వేలిముద్రలు తీసి పిల్లల స్వభావం, తెలివితేటలు చెబుతామనే డీఎంఐటీకి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ స్పష్టం చేసింది. వేలకు వేలు పోసి ఆ నివేదిక పట్టుకుని వచ్చేవారిని చూస్తే నాకు బాధగానూ, అమ్మేవారి మీద కోపంగానూ ఉంటుంది. రాశి, బ్లడ్ గ్రూపుల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మిగతావి క్లుప్తంగా. “పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి” అన్నది నిజం కాదు, సోషల్ యాంగ్జైటీ అత్తవారింట్లో ఇంకా పెరగవచ్చు. అంతర్ముఖులు నాయకత్వానికి పనికిరారన్నదీ నిజం కాదు. ఇంట్లో చక్కగా మాట్లాడుతూ బడిలో నెలల తరబడి పెదవి విప్పని చిన్నపిల్లలది మొండితనం కాదు, సెలెక్టివ్ మ్యూటిజం కావచ్చు, ఎంత త్వరగా చూపిస్తే అంత మంచిది.

క్లినికల్ సైకాలజిస్టును కలిసేటప్పుడు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. అడిగితే ఎవరూ నొచ్చుకోరు. ప్రైవేటులో చూపించుకోలేనివారికి విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మొదటిసారి వచ్చే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకురండి: ఎప్పటినుంచి ఇలా ఉన్నాడు, ఏ ఏ పనులు తప్పించుకుంటున్నాడు, వాటిలో ఇంతకుముందు చేసినవి ఏవి, నిద్ర, తిండి ఎలా ఉన్నాయి. ఆ తర్వాత కాసేపు పిల్లవాడితో మమ్మల్ని ఒంటరిగా మాట్లాడనివ్వండి.