చిగుళ్ల జబ్బుకు బిళ్లలు చాలవు: అపోహలు - వాస్తవాలు

అపోహ: చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే మందుల షాపులో అమోక్సిసిలిన్ అనే యాంటీబయోటిక్ తెచ్చుకుని అయిదు రోజులు వేసుకుంటే సరి.

వాస్తవం: చిగుళ్ల జబ్బుకు మూలం పంటి మీద పట్టే పాచి. చెరువు మెట్ల మీద జారుడుగా పట్టే పాచి, ఇదీ రెండూ ఒకే తీరు. బయోఫిల్మ్ అంటే ఇదే. సూక్ష్మజీవులు తామే తయారుచేసుకున్న జిగురులో పొరలు పొరలుగా ఇమిడి ఉంటాయి. అడుగు పొరల్లోవి ఆహారం చాలక దాదాపు పెరగడం మానేసి ఉంటాయి. అమోక్సిసిలిన్ చంపేది తమ ఒంటి చుట్టూ గోడ కట్టుకుంటూ పెరిగే జీవులను మాత్రమే. పైగా పక్కనున్న కొన్ని జీవులు ఆ మందును విరగ్గొట్టే ఎంజైమును వదులుతాయి. విడిగా తేలే జీవిని చంపే మోతాదుకు వంద నుంచి వెయ్యి రెట్లు పెంచినా పాచిలోది బతికి ఉండటం ప్రయోగశాలల్లో చూసినదే. అంత మందు ఒంటికి ఇవ్వలేం.

అపోహ: నొప్పి తగ్గేదాకా రెండు బిళ్లలు వేసుకుంటే నష్టమేమీ లేదు.

వాస్తవం: ఉంది. చంపడానికి చాలనంత తక్కువ మందు తగిలినప్పుడు కొన్ని సూక్ష్మజీవులు జిగురు ఇంకా ఎక్కువ తయారుచేస్తాయి. అన్ని మందులూ ఇలా చేయవు, కానీ మీ నోట్లో ఏది జరుగుతుందో షాపులో ఎవరూ చెప్పలేరు.

అపోహ: గార తీయిస్తే పళ్లు కదులుతాయి.

వాస్తవం: పళ్లను కదిలించేది వాటి చుట్టూ కరిగిపోయిన దవడ ఎముక. ఇన్నాళ్లూ గార పట్టి ఉంచడంతో ఆ వదులు తెలియలేదు, అంతే. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఇంకో పొరపాటూ చూస్తాం: ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చిన గోధుమ మరకలను గార అనుకుని ఇటుకపొడితో రుద్దడం. ఆ మరక పంటి ఎనామిల్‌లోనే ఉంటుంది, రుద్దితే పన్ను అరుగుతుంది. గార చిగురు అంచున గరుకుగా నాలుకకు తగులుతుంది.

మరి యాంటీబయోటిక్ ఎప్పుడు? చీము పట్టి జ్వరం, దవడ వాపు ఉన్నప్పుడు. చిన్న వయసులోనే ఎముక వేగంగా కరిగిపోతున్న కొందరికి. ఈ రెండో రకంలో ముందు స్కేలింగ్ (గార తీయడం), పంటి వేర్ల శుభ్రం పూర్తిచేసి పాచి చెదిరిన వెంటనే మందు మొదలుపెడతాం. సాధారణంగా అమోక్సిసిలిన్, మెట్రోనిడజోల్ కలిపి రోజుకు మూడుసార్లు, వారం రోజులు. పెన్సిలిన్ పడనివాళ్లు (అమోక్సిసిలిన్ ఆ జాతిదే), రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ముందే చెప్పాలి. మెట్రోనిడజోల్ వాడినన్నాళ్లూ, ఆపాక మూడు రోజులూ మద్యం ముట్టకూడదు.

శుభ్రం చేసిన పంటి మీద పాచి ఒక్క రోజులోనే మళ్లీ మొదలవుతుంది. అందుకే బ్రష్, పళ్ల సందులకు సన్న బ్రష్ రోజూ తప్పవు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు చిగుళ్ల లోతు (పంటికీ చిగురుకీ మధ్య సందు ఎంత లోతుందో) మళ్లీ కొలిపించుకోండి. 4 మిల్లీమీటర్లు దాటి రక్తం వస్తున్న చోట మళ్లీ శుభ్రం చేయాలి.