పై వాకెట్: పళ్లెం ఆకారపు క్షిపణి గురించి అపోహలు - వాస్తవాలు

క్షిపణుల ఏరోడైనమిక్స్ నా వృత్తి. విండ్ టన్నెల్‌లో నమూనా బిగించడం, గాలి వదలడం, ఏ కోణంలో ఎంత బలం పడుతోందో కొలవడం, ఇదే నా పని. ఇంజనీరింగ్ కాలేజీలకు మాట్లాడటానికి వెళ్లినప్పుడు ఎవరో ఒక కుర్రాడు ఫోన్‌లో ఒక బొమ్మ చూపిస్తాడు. గుండ్రంగా, మధ్యలో ఉబ్బుగా, అంచులు పల్చగా ఉంటుంది. "సార్, ఇది నిజంగా క్షిపణేనా?" అని అడుగుతాడు.

నిజంగానే క్షిపణి. పేరు పై వాకెట్ (Pye Wacket). 1950ల చివర్లో అమెరికా వాయుసేన కోసం కాన్‌వేర్ సంస్థ దీని మీద పనిచేసింది. శత్రువు మీదికి వెళ్లే బాంబర్ విమానం, తనను వెంటాడే ఫైటర్లను, కింద నుంచి లేచే క్షిపణులను గాల్లోనే కూల్చడానికి దీన్ని తలపెట్టారు. ఆ పేరు 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో మంత్రగత్తెల విచారణల నాటిది, ఒక మంత్రగత్తె చెంత ఉండే పిశాచానికి చెప్పిన పేరు. బహుశా అందుకే దీని చుట్టూ ఇన్ని కథలు పుట్టాయి.

అపోహ: గ్రహాంతరవాసుల ఎగిరే పళ్లేన్ని చూసి కాపీ కొట్టారు.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే అసలు కారణం దీనికంటే ఎంతో అందమైనది. వేగంగా పోతున్న బస్సు కిటికీలోంచి మడిచిన గొడుగును అడ్డంగా బయటికి చాపితే ఏమవుతుందో ఊహించండి. గాలి దాన్ని వెనక్కి లాగేస్తుంది, చేయి మెలిపడుతుంది. ఇప్పుడు అన్నం తినే స్టీలు పళ్లేన్ని నేలకు సమాంతరంగా పట్టుకున్నట్టు అనుకోండి. గాలి ముందు నుంచి వచ్చినా, పక్క నుంచి వచ్చినా, వెనక నుంచి వచ్చినా దానికి తగిలేది పల్చటి అంచే. పళ్లేనికి ముందూ వెనకా లేవు.

ఈ క్షిపణి కాపాడాల్సింది బి-70 వాల్కరీ అనే బాంబర్‌ను. అది ధ్వని వేగానికి 3 రెట్లు, సుమారు 70,000 అడుగుల ఎత్తులో పోవాలని డిజైన్. ఆ ఎత్తులో అది సెకనుకు దాదాపు 880 మీటర్లు. అంత వేగంలో సన్నటి, పొడవాటి క్షిపణిని పక్కకు వదిలితే బస్సు కిటికీలో గొడుగు గతే పడుతుంది. బాంబర్ మీదికి ముప్పు ఏ దిక్కు నుంచైనా రావచ్చు, కాబట్టి క్షిపణి కూడా ఏ దిక్కుకైనా బయల్దేరగలగాలి. గుండ్రటి ఆకారం ఆ అవసరంలోంచి పుట్టింది.

అపోహ: వెనకాల వచ్చే శత్రువు మీదికి మామూలు క్షిపణినే వెనక్కి తిప్పి పేలిస్తే సరిపోయేది కదా.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే, అందుకే దీన్ని కాస్త నిదానంగా చెబుతాను. బాంబర్ నుంచి విడిపోయిన క్షణంలో క్షిపణికి కూడా బాంబర్ వేగమే ఉంటుంది. ముక్కు వెనక్కి పెట్టి వదిలినా అది ముందుకే పోతూ ఉంటుంది. అంటే తోక గాలికి ఎదురుగా ఉంటుంది. బాణాన్ని ఈకల వైపు ముందుంచి విసిరి చూడండి, గాల్లోనే తిరగబడుతుంది. తోక దగ్గర రెక్కలున్న క్షిపణి కూడా అలాగే తిరగబడుతుంది.

పోనీ ఎలాగో నిలబెట్టాం అనుకుందాం. ఉదాహరణకు మోటారు ప్రతి సెకనుకూ 300 మీటర్ల వేగం మార్చగలిగితే, మొదటి 3 సెకన్లు బాంబర్ ఇచ్చిన వేగాన్ని చంపడానికే పోతాయి. ఆ తర్వాతే అది నిజంగా వెనక్కి కదలడం మొదలవుతుంది. మధ్యలో ఒక క్షణం గాలితో పోలిస్తే దాని వేగం సున్నా. ఆ క్షణంలో రెక్కలకు గాలి పట్టు దొరకదు, ఎంత తిప్పినా ఫలితం ఉండదు. అందుకే పై వాకెట్‌ను మళ్లించడానికి చిన్న చిన్న రాకెట్ జెట్లు అనుకున్నారు. జెట్‌కు గాలితో పనిలేదు.

అపోహ: ఫ్రిస్బీలా, అంటే విసిరి ఆడుకునే ప్లాస్టిక్ పళ్లెంలా, గిరగిరా తిరుగుతూ పోయేది.

కాదు. కానీ ఈ అపోహ వెనక ఒక మంచి ప్రశ్న ఉంది. పళ్లెం గాల్లో దానంతట అది నిలకడగా ఉండదు. గాలి ఎత్తే బలం మధ్యలో పడకుండా ముందు అంచు వైపు పడుతుంది, ముక్కు పైకి లేస్తుంది. ఫ్రిస్బీని గిరగిరా తిప్పి వదిలేది అందుకే. కానీ తిరిగే వస్తువును మనకు కావలసిన వైపు మళ్లించడం పెద్ద తలనొప్పి, లక్ష్యాన్ని చూస్తూ ఉండటం ఇంకా కష్టం. కాబట్టి తిప్పకుండా, జెట్లతోనే సర్దుతూ పోవాలన్నది ఆలోచన. పరీక్షా నమూనా డిజైన్ ప్రకారం సుమారు 5 అడుగుల వెడల్పు, 230 కిలోల బరువు, ఘన ఇంధన మోటార్లు మూడు, ధ్వనికి 6.5 రెట్ల వేగం. టెనెసీ రాష్ట్రంలోని ఆర్నాల్డ్ కేంద్రం విండ్ టన్నెళ్లలో నమూనాలను పరీక్షించారు.

అపోహ: పనికిరాని డిజైన్ కాబట్టి ఆపేశారు.

ఆకారం తప్పని తేలి ఆపలేదు. కాపాడాల్సిన విమానమే లేకుండా పోయింది. 1960 మే 1న సోవియట్ ఎస్-75 క్షిపణి, ఆ దేశంలోని స్వెర్ద్‌లోవ్‌స్క్ నగరం దగ్గర, చాలా ఎత్తులో ఎగురుతున్న అమెరికా యు-2 గూఢచారి విమానాన్ని కూల్చింది. ఎంత ఎత్తులో ఉంటే అంత భద్రం అన్న నమ్మకం ఆ రోజుతో సడలింది. బాంబర్ల పని చేయగల ఖండాంతర క్షిపణులు కూడా వచ్చేశాయి. 1961లో కెన్నడీ ప్రభుత్వం బి-70ని పరిశోధనా విమానం స్థాయికి తగ్గించింది, చివరికి తయారైనవి రెండే. పై వాకెట్ కూడా ఆ 1961లోనే ఆగింది. అది గాల్లోకి ఎగిరినట్టు బహిరంగ రికార్డు ఏదీ లేదు.

అయితే నా అభిప్రాయంలో అసలు గండం ఆకారంలో లేదు, సమయంలో ఉంది. ఎదురుగా వచ్చే శత్రు క్షిపణి, బాంబర్ కలిసి సెకనుకు 1,800 మీటర్ల చొప్పున దగ్గరవుతున్నాయనుకోండి. 30 కిలోమీటర్ల దూరంలో కనిపెట్టినా చేతిలో ఉండేది 17 సెకన్ల లోపే. ఆ లోపు గుర్తించాలి, వదలాలి, గురి పెట్టాలి, గుద్దాలి. 1950ల ఎలక్ట్రానిక్స్‌తో అది చాలా పెద్ద సవాలు.

అపోహ: ఆ తర్వాత బాంబర్లు తమను తాము కాపాడుకోవడం మానేశాయి.

అమెరికా బాంబర్ బి-52 తోకలో తుపాకులు 1991 దాకా ఉన్నాయి. 1972 డిసెంబరులో వియత్నాం మీద ఆ తుపాకులతో మిగ్-21లను కూల్చినట్టు అమెరికా వాయుసేన రెండు ఘటనలను నమోదు చేసింది. తర్వాత జామింగ్ (శత్రు రాడార్‌ను గందరగోళపరచడం), మాయలక్ష్యాలు, దూరం నుంచే వదిలే క్రూయిజ్ క్షిపణులు ఆ పని తీసుకున్నాయి.

ఇక పక్కకు, వెనక్కి మళ్లే సమస్యకు వేరే దారిలో జవాబు దొరికింది. రష్యా ఆర్-73, అమెరికా ఏఐఎం-9ఎక్స్ లాంటివి సన్నటి క్షిపణులే, కానీ మోటారు మంటనే పక్కకు వంచి, ముందుకు వదిలిన వెంటనే గిర్రున తిరుగుతాయి. మన వాయుసేన ఆర్-73ను ఎన్నో ఏళ్లుగా వాడుతోంది. ఈసారి ఎయిర్ షోలో దాన్ని చూస్తే తోక దగ్గరికి వెళ్లి, మంట బయటికి వచ్చే నాజిల్ వైపు తొంగి చూడండి. మంటను వంచే చిన్న రెక్కలు కనిపిస్తాయి.