మునిగింది సరే, ముంచిందెవరు?

రెండో ప్రపంచ యుద్ధంలో తాము ముంచేశామని జపాన్ లెక్క రాసుకున్న అమెరికా జలాంతర్గాములు 468. యుద్ధం మొత్తంలో అమెరికా నిజంగా పోగొట్టుకున్నవి 52. ఆ యాభై రెండులోనూ కొన్ని ప్రమాదాల్లో పోయాయి, కొన్ని దిబ్బలెక్కి పనికిరాకుండా పోయాయి. అన్నీ జపాన్ ఖాతాలోనే వేసినా, ఒకటి మునిగితే తొమ్మిది రాసుకున్నారన్నమాట.

ఇవన్నీ కావాలని ఆడిన అబద్ధాలు కావు. చాలామంది కెప్టెన్లు మనస్ఫూర్తిగా నమ్మే రాశారు. జలాంతర్గామి మీద దాడి చేసేవాడికి శత్రువు కళ్లకు కనపడడు. సోనార్ పంపిన శబ్దం దేనికో తగిలి తిరిగొస్తుంది. ఆ 'దేనికో' జలాంతర్గామి కావచ్చు, తిమింగలం కావచ్చు, చేపల గుంపు కావచ్చు, ఎప్పుడో మునిగిన ఓడ కావచ్చు. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధంలో కూడా, అంత ఆధునిక బ్రిటిష్ నౌకలు తిమింగలాల మీద ఆయుధాలు ఖర్చు చేశాయి. వాళ్లు వెతికిన అర్జెంటీనా జలాంతర్గామి శాన్ లూయిస్ మాత్రం క్షేమంగా ఇంటికి చేరింది.

డెప్త్ చార్జి సంగతి చూడండి. పేలుడు మందు దట్టించిన పీపా అది. ముందుగా పెట్టిన లోతుకు చేరగానే, అక్కడ ఎవరున్నా లేకున్నా పేలుతుంది. కాబట్టి పేలుడు వినపడటం దేనికీ రుజువు కాదు. అప్పటి బ్రిటిష్ డెప్త్ చార్జిలో సుమారు 130 కిలోల మందు ఉండేది. జలాంతర్గామి గట్టి ఉక్కు గోడను చీల్చాలంటే అది ఆరేడు మీటర్ల లోపల పేలాలి. కాస్త దూరమైతే లోపల దీపాలు పగులుతాయి, పైపులు కారతాయి, పడవ మాత్రం బతుకుతుంది. పైగా పేలుడు రేపిన బుడగలు, అలజడి వల్ల సోనార్‌కు కాసేపు ఏమీ వినపడదు. ఆ కాసేపట్లో జలాంతర్గామి మెల్లగా జారుకుంటుంది. మళ్లీ వెతికితే ఏమీ తగలదు. పైన నీళ్ల మీద నూనె తెట్టు. ఇంకేముంది, మునిగిపోయిందని రిపోర్టు. ఆ నూనె చిల్లుపడ్డ ట్యాంకుది కావచ్చు, శత్రువును నమ్మించడానికి కెప్టెనే వదిలింది కావచ్చు. టార్పెడో గొట్టాల్లోంచి చెత్తాచెదారం బయటికి తోసిన వాళ్లూ ఉన్నారు.

'హెడ్జ్‌హాగ్' అనే ఆయుధం నాకు నచ్చేది ఇందుకే. ఓడ ముందుకు ఒకేసారి 24 చిన్న బాంబులు విసురుతుంది. అవి దేనికైనా తగిలితేనే పేలతాయి. నిశ్శబ్దంగా ఉంటే గురి తప్పినట్టే. లెక్కలు రాసేవాడికి ఇంతకంటే నిజాయితీ గల ఆయుధం దొరకదు.

బ్రిటిష్ నౌకాదళం ఈ చిక్కును ముందే గ్రహించి, దాడుల రిపోర్టులను తూకం వేయడానికి ఒక కమిటీ పెట్టింది. 'ఎ' అంటే కచ్చితంగా మునిగింది, 'బి' అంటే బహుశా మునిగింది, అలా దిగుతూ 'జి' అంటే ఏ నష్టమూ లేదు. 'ఎ' దక్కాలంటే ఖైదీలో, శవాలో, జలాంతర్గామి లోపలి నుంచే రాగల వస్తువులో చూపాలి. నూనె చూపితే చాలదు. ఈ పిసినారితనం పెద్దలకు నచ్చలేదు. 1940 జనవరి 20న, అప్పటి నౌకాదళ మంత్రి చర్చిల్ రేడియోలో మాట్లాడుతూ, జర్మనీ యుద్ధం మొదలుపెట్టిన యు-బోట్లలో (జర్మన్ జలాంతర్గాముల్లో) సగం మునిగినట్టేనన్నారు. మొదలుపెట్టినవి 57. ఆ రోజుకు నిజంగా పోయినవి 9. జలాంతర్గామి నిరోధక విభాగాన్ని నడిపిన కెప్టెన్ టాల్బట్ లెక్క మంత్రిగారి లెక్క కంటే బాగా తక్కువ, నిజానికి బాగా దగ్గర. ఆ ఏడాదే ఆయన్ని ఆ పదవి నుంచి తప్పించారు.

తప్పు రెండో వైపూ జరుగుతుంది. 1942 జులై 30న మెక్సికో సింధుశాఖలో రాబర్ట్ ఇ. లీ అనే ప్రయాణికుల ఓడను యు-166 ముంచింది. దానికి కాపలాగా వచ్చిన చిన్న గస్తీ నౌక పీసీ-566 వెంటనే డెప్త్ చార్జిలు వేసింది. కెప్టెన్ హెర్బర్ట్ క్లాడియస్ ముంచామన్నాడు. పైవాళ్లు నమ్మలేదు సరికదా, దాడి సరిగ్గా చేయలేదని అతన్ని మళ్లీ శిక్షణకు పంపారు. రెండు రోజుల తర్వాత 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఒక విమానం వేసిన బాంబుకే యు-166 ఖాతా రాశారు. 2001లో పైప్‌లైన్ వేయడానికి సముద్రగర్భం సర్వే చేస్తుంటే, రాబర్ట్ ఇ. లీ పక్కనే సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల లోతున యు-166 బయటపడింది. విమానం బాంబు వేసింది యు-171 అనే వేరే పడవ మీద, అదీ ఆ దాడిలో మునగలేదు. 2014లో క్లాడియస్‌కు పతకం ఇచ్చారు. అప్పటికి ఆయన లేరు, కొడుకు అందుకున్నాడు.

ఇక్కడ శిథిలం దొరకగానే తగవు తీరిపోయింది. రెండు దాడులు రెండు చోట్ల జరిగాయి కాబట్టి, ఎక్కడ పడుందో తెలిస్తే ఎవరు ముంచారో తెలిసిపోయింది. మన విశాఖలో ఆ సౌలభ్యం లేదు.

పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1944లో అమెరికా కట్టిన డయాబ్లో. బంగాళాఖాతం దాకా వచ్చి పోరాడగల సత్తా ఆనాడు పాకిస్తాన్‌లో దానికొక్కదానికే ఉంది. 1971 నవంబర్ 14న కరాచీ వదిలింది. విమాన వాహక నౌక విక్రాంత్‌ను ముంచడం, విశాఖ రేవు ముఖద్వారంలో మైన్లు పరచడం దాని పని. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్, రాజ్‌పుత్ అనే పాత డెస్ట్రాయర్‌తో విక్రాంత్ వేషం కట్టించారు. విక్రాంత్ పంపినట్టుగా రేడియో సందేశాలు గుప్పించారు. తల్లికి జబ్బుగా ఉందట, ఎలా ఉందో చెప్పండంటూ విక్రాంత్ నావికుడెవరో పంపినట్టు ఒక టెలిగ్రాం కూడా, శత్రువు చదువుకునేలా బాహాటంగానే పంపారు. ఆ టెలిగ్రాం రాసిన బుర్రకు దండం పెట్టాలి.

డిసెంబర్ 3 అర్ధరాత్రి రాజ్‌పుత్ రేవు దాటుతుండగా దగ్గరలో నీళ్లు సుడి తిరిగినట్టు కనిపించాయి. కెప్టెన్ ఇందర్ సింగ్ రెండు డెప్త్ చార్జిలు వేయించి ముందుకు సాగిపోయారు. ఆ రాత్రే తీరానికి భారీ పేలుడు వినిపించింది. తర్వాత జాలర్లు సముద్రంలో దొరికిన వస్తువులు పట్టుకొచ్చారు, డైవర్లు దిగి చూశారు, డిసెంబర్ 9న ప్రభుత్వం ప్రకటించింది. ఘాజీలో ఒక్కరూ బతకలేదు.

కాబట్టి బ్రిటిష్ కమిటీ ముందు పెడితే 'మునిగిందా' అన్నదానికి 'ఎ' ఖాయం. ముంచిందెవరన్నదే తేలలేదు. రాజ్‌పుత్ చార్జిలేనని మన వాదన. తాను పరచిన మైన్ మీదికే తిరిగొచ్చిందనో, లోపలే ఏదో పేలిందనో పాకిస్తాన్ వాదన. మన రిటైర్డ్ అధికారుల్లోనూ కొందరు లోపలి పేలుడు వైపే మొగ్గారు. చిక్కేమిటంటే అన్నీ ఒకే చోట, దాదాపు ఒకే వేళ జరిగాయి. ధ్వంసమైంది ముందు భాగం. ఆ తరగతి జలాంతర్గాముల్లో ముందు టార్పెడో గది, దాని వెనకే 126 పెద్ద సెల్స్ ఉన్న ముందు బ్యాటరీ గది. బ్యాటరీ చార్జి చేసేటప్పుడు హైడ్రోజన్ ఊరుతుంది. గాలిలో అది 4 శాతం దాటితే ఒక్క నిప్పురవ్వ చాలు. టార్పెడోలు, మైన్లు గోడ అవతలే.

నా మటుకు రాజ్‌పుత్‌కు 'బి' ఇవ్వడానికి కూడా చెయ్యి ఆడదు. రెండే చార్జిలు, చూసింది నీటి సుడి ఒక్కటే, దెబ్బ తగిలిందని చెప్పే ఆనవాలు అప్పటికప్పుడు ఏదీ లేదు. తల్లి జబ్బు టెలిగ్రాం ఘాజీని విశాఖ ముంగిట నిలబెట్టి ఉంటే అసలు విజయం దానిది, పీపాలది కాదు. అధికారిక కాగితాలతో తేలుద్దామంటే, ఘాజీకి సంబంధించిన తూర్పు నౌకాదళం రికార్డులు కొన్ని ఎప్పుడో నాశనం చేశారని 2010లో పత్రికల్లో వచ్చింది. మిగిలింది శిథిలమే. రేకులు బయటికి విచ్చుకున్నాయా, లోపలికి నొక్కుకున్నాయా, రెండు గదుల మధ్య గోడ ఎటు ఒరిగింది అన్నవి చూస్తే పేలుడు ఎక్కడ పుట్టిందో చెప్పొచ్చు. లోపలే పుట్టిందని తేలినా, బయట పేలిన డెప్త్ చార్జి కుదుపే దాన్ని రాజేసిందని వాదించేవాళ్లకు రేకుల దగ్గర జవాబు దొరకదు.