పిల్లి పడుకున్న చోటు

చిన్నీకి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో చిన్నీ అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పబోయాను. "నాన్నా, ఇక్కడ రాత్రి పదకొండు దాటింది, వాళ్ళు పడుకోవాలి" అని మీ నాన్న ఫోను లాక్కున్నాడు. అందుకే ఈ ఉత్తరం. నా చేతిరాత అర్థం కాకపోతే అమ్మ చేత చదివించుకోండి.

చిన్నీ ప్రశ్న ఇదీ: "ఇల్లంతా నేల వెచ్చగానే ఉంటుంది కదా తాతయ్యా, మరి మన పిల్లి సోఫా వదిలేసి, దాని బుట్ట వదిలేసి, నడవాలో ఆ చిన్న తలుపు ముందే ఎందుకు పడుకుంటుంది?"

మీ నేల కింద ఏముందో దానికి తెలుసు కనుక. నాకూ తెలుసు. మీ ఇల్లు కట్టిన ఏడాది నేనూ నానమ్మా ఆరు నెలలు అమెరికాలో, మీ మాడిసన్ ఊళ్ళోనే ఉన్నాం కదా. మీరు బడికి పోయాక నాకేం పని? మీ నాన్న ఆఫీసుకి వెళ్తూ నన్ను అక్కడ దింపేవాడు. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, కాంక్రీటు పడకముందు కింద ఏమేం పరిచారో అంతా చూశాను.

ముందు కంకర. దాని మీద చెమ్మ పైకి రాకుండా ప్లాస్టిక్ పట్టా. ఆ పైన రెండంగుళాల మందం గట్టి ఫోం పలకలు. వాటి మీద ఇనుప మెష్. ఆ మెష్‌కి ప్లాస్టిక్ పైపు మెలికలు మెలికలుగా కట్టుకుంటూ పోయారు. పెక్స్ పైపు అంటారు, నా బొటనవేలంత లావుంటుంది. తర్వాత మొత్తం మీద కాంక్రీటు పోసి, టైల్స్ వేశారు. పైపులో వేడినీళ్ళు తిరుగుతాయి, కాంక్రీటు వెచ్చబడుతుంది, మీ కాళ్ళు వెచ్చబడతాయి.

ఇంతేనా అంటారేమో. వేడి చెయ్యడం తేలికే, ఆ వేడినీళ్ళని ఇల్లంతా సమంగా పంచడమే కష్టం. ఆ విద్య మాత్రం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

కోనసీమలో మన పొలం చూశారుగా. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కడ బయల్దేరిన గోదావరి నీళ్ళు పెద్ద కాలువలోకి, అందులోంచి చిన్న కాలువల్లోకి, తూముల గుండా పంట బోదెల్లోకి వచ్చి, మడవ, అంటే గట్టుకున్న గండి, తీస్తే మన మడిలో పడతాయి. ఇప్పుడు పిల్లిని కాస్త జరిపి, నడవాలో ఆ చిన్న తలుపు తీయండి. లోపల అడ్డంగా రెండు ఇత్తడి గొట్టాలు ఉంటాయి. మానిఫోల్డ్ అంటారు. పైది మన కాలువ అనుకోండి. దానికి ఆరు తూములు. ఒక్కో తూముకీ ఒక్కో బోదె: మీ గదికొకటి, వంటింటికొకటి, అలా. కింది గొట్టం మురుగు కాలువ. వేడంతా నేలకిచ్చేసి చల్లబడిన నీళ్ళు అందులోకి తిరిగొస్తాయి.

మన మురుగు కాలువ సముద్రంలో కలుస్తుంది, మీది మళ్ళీ నీళ్ళు కాచే బాయిలర్లో కలుస్తుంది. నా పోలిక అక్కడ కొంచెం కుంటుతుంది. కుంటనివ్వండి, ఇంకా పని ఉంది దాంతో.

ఆరు బోదెలే ఎందుకు? మీ నేల 1,200 చదరపు అడుగులు. పైపు వరసకీ వరసకీ మధ్య ఎడం 9 అంగుళాలు. అంటే మొత్తం 1,600 అడుగుల పైపు కావాలి. అంతా ఒకటే పైపు వేస్తే నీళ్ళు సగం దారిలోనే చల్లారతాయి, పంపు వాటిని నెట్టలేక ఆపసోపాలు పడుతుంది. ఆ అర అంగుళం పైపు ఒక్కో చుట్టు, అంటే ఒక్కో బోదె, 300 అడుగులు దాటకూడదని ఆ పనివాళ్ళ లెక్క. బుజ్జిగాడా, 1,600ని ఆరుతో భాగించి చూడు, సరిపోయిందా?

కానీ ఆరూ ఒకే పొడుగు రావు. దగ్గరి గదిది పొట్టి, మూల గదిది పొడుగు. ఇక్కడే చిక్కు. నీళ్ళకి కష్టపడటం ఇష్టం ఉండదు, మన బుజ్జిగాడి లాగా. ఏ దారి సులువైతే అందులోకే ఎక్కువ పోతాయి. పొట్టి చుట్టు తాగేసి కూర్చుంటుంది, పొడుగు చుట్టు నోరు తెరుచుకుని చూస్తుంది.

మాది కాలువ చివరన ఉండే శివారు పొలం. నోరు తెరుచుకుని చూసినవాళ్ళం మేమే. దాళ్వాలో, అంటే రెండో పంటకి, వంతులవారీగా నీళ్ళిచ్చేవారు. మా వంతు ఎప్పుడూ అర్ధరాత్రే వచ్చినట్టు నాకు గుర్తు. నాకు పదేళ్ళుంటాయి. మా నాన్న లాంతరు పట్టుకుని ముందు, నేను పార భుజాన వేసుకుని వెనక. తూము దగ్గర తీరా చూస్తే పైరైతు తన మడవ మూయకుండా ఇంటికెళ్ళి పడుకుని ఉండేవాడు. మా బోదెలో నీళ్ళు పాదం కూడా తడిపేవి కావు. మా నాన్న కోపం తెచ్చుకునేవాడు కాదు. ఆ మడవ పూర్తిగా మూయడానికి కూడా ఒప్పుకునేవాడు కాదు. నాలుగు పారల మట్టి వేసి, సందు వదిలేవాడు. "పైవాడు కొంచెం బిగించుకుంటే కిందివాడు బతుకుతాడురా, పూర్తిగా బిగించేస్తే రేపు వాడు శివారవుతాడు" అనేవాడు.

మీ ఇంట్లో ఆఖరి రోజున ఆ ప్లంబరు చేసిన పనీ అదే. పై గొట్టం మీద చిన్న చిన్న గాజు గొట్టాలు, వాటిలో ఎర్ర గుర్తులు కనిపిస్తాయి చూడండి. ఏ చుట్టులోకి ఎంత నీరు పోతోందో అవి చెబుతాయి. అతను పొట్టి చుట్ల తూములు కాస్త కాస్త బిగిస్తూ, పొడుగు చుట్లవి పూర్తిగా తెరిచి ఉంచాడు. గంటసేపు ఆ ఎర్ర గుర్తుల్నే చూస్తూ తిప్పాడు. నాకు ఇంగ్లీషు అంతగా రాదు, అతనికి తెలుగు రాదు. అయినా మడవ కట్టేవాణ్ణి మడవ కట్టేవాడు గుర్తుపడతాడు.

కాంక్రీటు పోసే ముందు పైపుల్లో గాలి బిగించి, ఆ గాలి ఒత్తిడి చూపే గేజి పెట్టి వదిలేశారు. ఎక్కడైనా చిల్లుంటే ముల్లు పడిపోతుంది. సాయంత్రం చూసిన ముల్లు తెల్లారేసరికి కిందికి జారింది. మీ నాన్నకి ఒకటే టెన్షన్. మధ్యాహ్నం ఎండెక్కాక అదే ముల్లు మళ్ళీ పైకొచ్చింది! రాత్రి చలికి లోపలి గాలి ముడుచుకుంది, అంతే. కాంక్రీటు పోస్తున్నంతసేపూ ఆ గేజిని తీయలేదు. ఎవరి పారైనా పైపుకి తగిలితే అప్పుడే తెలుస్తుందని.

అంచుల సంగతి మర్చిపోయాను. కాంక్రీటు చుట్టూ అంచులకి కూడా నిలువుగా ఫోం పెట్టారు. ఎందుకని అడిగితే, వేడి ఎక్కువగా పక్కలనించే బయటికి పోతుందని మీ నాన్న చెప్పాడు. వెంటనే అర్థమైంది. గట్టు ఎంత ఎత్తు కట్టినా ఎండ్రకాయ బొక్క ఒక్కటి చాలు, తెల్లారేసరికి మడి ఖాళీ.

అక్టోబరులో మొదటిసారి నీళ్ళు వదిలినప్పుడు మీ గది మాత్రం చల్లగానే ఉండిపోయింది. ఎయిర్ పట్టింది! మన పొలంలో మోటారుకి పట్టినట్టే. మిగతా అయిదు తూములూ మూసేసి, ఆ ఒక్కదాంట్లోకి నీళ్ళు గట్టిగా తోస్తే గాలి బుడబుడమంటూ బయటికొచ్చింది. ఆ గాలి గురించి ఇంకో వింత చెప్తాను. నీటి చుక్క కూడా బయటికి కారని ఆ ప్లాస్టిక్ పైపు గోడలోంచి గాలిలోని ఆక్సిజన్ మెల్లగా లోపలికి దూరగలదు. దూరితే ఇనుప భాగాలు తుప్పు పడతాయి. అందుకని పైపుకి కంటికి కనపడని ఒక సన్నటి పొర వేస్తారు. నీళ్ళు బయటికి పోలేని చోట గాలి లోపలికెలా పోతుంది? రాత్రి పడుకునేటప్పుడు ఆలోచించండి.

పైపులో నీళ్ళు సలసల కాగుతుంటాయని చిన్నీ అనుకుంటోంది. కాదమ్మా. 40 డిగ్రీలు, అంతే. చన్నీళ్ళు కలుపుకుని స్నానానికి సిద్ధం చేసుకున్న నీళ్ళంత. మనుషులు తిరిగే చోట నేల 29 డిగ్రీలు దాటకూడదని యూరప్ వాళ్ళ నియమం. అంత తక్కువ వేడితో బయట మంచు కురిసే ఇల్లు ఎలా వెచ్చబడుతుంది అంటారా? నేలంతా వెచ్చగా ఉంటుంది కనుక. ఒక మూల నిప్పు పెట్టుకుంటే ముందు కాలుతుంది, వెనక వణుకుతుంది.

అయితే దానికి తొందర ఉండదు. మీ నాన్న మొదట్లో గంటకోసారి థర్మోస్టాట్ నొక్కేవాడు. నాలుగంగుళాల కాంక్రీటు వేడెక్కడానికి పూటంతా పడుతుంది. వేడెక్కాక చల్లారడానికీ అంతే. నాకిది పదేళ్ళప్పుడే తెలుసు. వంతు నీళ్ళ కోసం కాపలా ఉండే రాత్రి మా నాన్న గట్టు మీద గడ్డి మంట వేసేవాడు. చుట్టూ కూర్చుని చలి కాచుకోవడానికి అనుకున్నాను. మంట ఆరాక ఆయన నిప్పులూ బూడిదా పారతో పక్కకి లాగేసి, కాలిన నేల మీద పచ్చగడ్డి కొంచెం, దాని మీద గోనెపట్టా పరిచి, "పడుకో" అన్నాడు. కింద భూమి వెచ్చగా, మొహానికి చల్లగాలి, పైన చుక్కలు. కోడి కూసేదాకా ఆ నేల చల్లారలేదు. అంత మంచి నిద్ర మళ్ళీ మీ ఇంట్లోనే పట్టింది నాకు.

ఇది మా నాన్న ఒక్కడి తెలివే కాదులే. కొరియా వాళ్ళు ఎన్నో వందల ఏళ్ళపాటు వంటింటి పొయ్యి పొగని నేలరాళ్ళ కిందనించి పోనిచ్చి ఇల్లు వెచ్చబెట్టుకున్నారు. ఒండోల్ అంటారు. కాశ్మీరులో హమామ్ గదులకీ నేలరాళ్ళ కిందే కట్టెల మంట. ఇంపీరియల్ హోటల్ పని మీద టోక్యో వెళ్ళిన ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే అమెరికా ఆర్కిటెక్టు, ఒక పెద్దమనిషి ఇంట్లో వణుకుతూ భోజనం చేసి, తర్వాత అక్కడున్న కొరియా గదిలోకి వెళ్ళాడట. ఆ వెచ్చదనం ఆయన మర్చిపోలేదు. 1937లో మీ మాడిసన్‌లోనే కట్టిన జేకబ్స్ అనే ఆయన ఇంటికి నేల కింద గొట్టాలు వేయించాడు. ఈసారి నాన్నని అటువైపు తీసుకెళ్ళమనండి.

ఆ పాతకాలపు కొరియా ఇళ్ళల్లో పొయ్యికి దగ్గరగా ఉన్న చోటు అన్నిటికన్నా వెచ్చగా ఉండేది. దాన్ని ఇంట్లో పెద్దవాళ్ళకి ఇచ్చేవారు. మీ ఇంట్లో ఆ చోటు నడవాలోనే ఉంది. ఆరు చుట్లూ ఏ గదికి పోవాలన్నా అక్కడే మొదలవ్వాలి, అక్కడికే తిరిగి రావాలి. అంటే ఆ చిన్న తలుపు ముందు పన్నెండు పైపులు పక్కపక్కనే ఇరుక్కుని ఉన్నాయన్నమాట. న్యాయంగా ఆ చోటు నాది. నేను ఇటు వచ్చేయగానే పిల్లి ఆక్రమించింది.

నా మాట నమ్మాలని లేదు, మీరే చూడండి. హీటింగ్ చాలాసేపు ఆపి ఉన్నప్పుడు నాన్నని మళ్ళీ పెట్టమనండి. గంటా, రెండు గంటలు ఆగి, నేలంతా తడిబట్టతో పలచగా తుడిచి, పక్కకి వచ్చి కదలకుండా కూర్చోండి. పైపులున్న చోట తడి ముందు ఆరుతుంది. ఆరిన చారలు ఎటు నుంచి ఎటు తిరిగాయో ఒక కాగితం మీద గీయండి. కాంక్రీటు పోయకముందు పైపులన్నీ కనపడేలా నేను తీసిన ఫోటో నా ఫోన్లో భద్రంగా ఉంది. మీ బొమ్మ వచ్చాకే పంపుతాను.

పిల్లిని మాత్రం లేపకండి. దాని చుట్టూ తుడవండి.

మీ తాతయ్య