చెరాన్ మెక్సికో నుంచి విడిపోలేదు: అపోహలు, వాస్తవాలు

స్పానిష్‌తో పాటు లాటిన్ అమెరికా రాజకీయాలు కూడా బోధించే నాకు, మెక్సికోలోని మిచోవాకాన్ రాష్ట్రంలో ఉన్న చెరాన్ అనే ఊరి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒకే మాట ఎదురవుతుంది: "ఆడవాళ్లు తిరగబడి పార్టీలను, పోలీసులను తరిమేశారు, ఇక అక్కడ ప్రభుత్వమే లేదట కదండీ!"

తిరగబడిన మాట నిజమే. 2011 ఏప్రిల్ 15 తెల్లవారుజామున ఎల్ కాల్వారియో చర్చి దగ్గర పురేపెచా అనే ఆదివాసీ తెగ స్త్రీలు, తమ అడవిని నరికి దొంగతనంగా కలప తరలిస్తున్న లారీలను అడ్డుకున్నారు, చర్చి గంటలు మోగాయి, ఆ తరువాత ఊరివాళ్లు కూడళ్లలో నెగళ్లు వేసుకుని నెలల తరబడి కాపలా కాశారు. ప్రభుత్వం లేదన్నది మాత్రం వట్టి పుకారు. పార్టీల ప్రమేయం లేకుండా తమ ఆచారం ప్రకారమే పాలకులను ఎన్నుకుంటామని వారు అడిగినప్పుడు, అది తమ పరిధిలో లేదని రాష్ట్ర ఎన్నికల సంస్థ చేతులెత్తేసింది. దాంతో వారు ఫెడరల్ ఎన్నికల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించగా, ఆదివాసుల స్వయం నిర్ణయాధికారాన్ని గుర్తించే రాజ్యాంగం 2వ అధికరణం అండగా, 2011 నవంబర్ 2న తీర్పు వారికి అనుకూలంగా వచ్చింది. నాలుగు పేటల నుంచి ముగ్గురేసి చొప్పున 12 మందితో ఏర్పడిన పెద్దల మండలి 2012 ఫిబ్రవరిలో బాధ్యతలు చేపట్టింది. మేయర్ లేడు కానీ మునిసిపాలిటీ ఉంది, దానికి ప్రభుత్వ నిధులూ అందుతాయి. రాష్ట్ర రాజ్యాంగాన్ని తమను సంప్రదించకుండా సవరించారని ఇదే మునిసిపాలిటీ సుప్రీం కోర్టుకెక్కి 2014లో గెలిచింది కూడా. ప్రభుత్వమే లేని ఊరు ఆ హోదాలో దావా ఎలా వేస్తుంది? కోర్టుల్లో సాగిన ఈ పోరాటాన్ని వదిలేసి, నెగళ్ల కథ మాత్రమే విని "మనమూ తరిమేద్దాం" అని ఉత్సాహపడే కుర్రవాళ్లకు చివరికి మిగిలేవి కేసులే.

పార్టీలు లేవంటే మన పంచాయతీల్లో ఏకగ్రీవం లాంటిదేనని మరికొందరు అనుకుంటారు. కాదు, అక్కడ పోటీ ఉంటుంది; నచ్చిన అభ్యర్థి వెనుక వరుసలో నిలబడటమే ఓటు. ఎవరు ఎటు నిలిచారో ఊరంతా చూస్తుంది కాబట్టి, మొహమాటపడేవారి గతేమిటన్న శంక నాకు ఇప్పటికీ ఉంది. ఇక అడవి మొత్తం తిరిగి వచ్చేసిందనే ప్రచారానికి ఒక్కటే జవాబు: ఊరి నర్సరీలో పైన్ మొక్కలు పెంచుతున్న మాట వాస్తవమే, కానీ పైన్ చెట్టు ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది.

పరిశోధన కోసం అక్కడికి బయలుదేరిన ఒక విద్యార్థిని తల్లి, ఊరి మొదట్లో తుపాకులు పట్టుకున్నవాళ్లు ఉంటారని ఎవరో చెప్పగా విని, భయంతో నాకు ఫోన్ చేశారు. వాళ్లు ముఠా మనుషులు కారని, 'రోందా కమ్యూనితారియా' అనే ఊరి సొంత కాపలా దళమని, కొత్తవాళ్లను ఆపి ఎవరు, ఎందుకు వచ్చారని అడుగుతారని వివరించాను. మిచోవాకాన్‌లో ఊళ్ల మధ్య దారుల సంగతి వేరని, చీకటి పడ్డాక మాత్రం ప్రయాణం పెట్టుకోవద్దని కూడా దాచకుండా చెప్పాను. ఆవిడ కాసేపు ఆగి, "మరి స్వెటర్ పెట్టమంటారా అండీ?" అని అడిగారు. సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి, రెండు పెట్టమన్నాను.