తడిసి ఆరే నేల మీద ఇరవై రెండేళ్ల తగువు

న్యూజిలాండ్ అనగానే చాలామందికి ఇప్పుడు గుర్తొచ్చేది పార్లమెంటులో బిల్లు ప్రతిని చింపి హాకా (అక్కడి మూలవాసులైన మావోరీల సంప్రదాయ నృత్యం) ఎత్తుకున్న యువ ఎంపీ వీడియో. 2024 నవంబరు నాటి ఆ ఘట్టానికి కారణమైన, వైటాంగి ఒప్పందానికి కొత్త అర్థం చెప్పబోయిన ఒప్పంద సూత్రాల బిల్లు 2025 ఏప్రిల్ 10న 112–11 ఓట్లతో వీగిపోయింది. ఆ హడావుడిలో ఇంకో బిల్లు పెద్దగా ఎవరి కంటా పడలేదు. సముద్రతీర హక్కుల చట్టానికి సవరణ అది. 2025 అక్టోబరు 21న నెగ్గింది. మావోరీల చేతిలోంచి ఈ మధ్య నిజంగా ఏదైనా జారిపోయిందంటే దీనితోనే.

1840లో బ్రిటిష్ రాణి తరఫువాళ్లకూ మావోరీ పెద్దలకూ మధ్య కుదిరిన వైటాంగి ఒప్పందం, తర్వాతి యుద్ధాలు, భూముల జప్తు తెలిసిన కథే. ఈ తగువు మాత్రం 2003 జూన్ 19న మలుపు తిరిగింది. అదీ ఆలుచిప్పల దగ్గర మొదలై.

దక్షిణ ద్వీపం ఉత్తర కొసన మార్ల్‌బరో సౌండ్స్ అని ఇరుకైన సముద్రపు పాయలున్నాయి. నీళ్లలో తాళ్లు వేలాడదీసి ఆలుచిప్పలు పెంచడం అక్కడి పెద్ద వ్యాపారం. తరతరాలుగా ఆ ఒడ్డునే ఉన్న మావోరీ తెగలు తమకూ అనుమతులు ఇమ్మంటే స్థానిక పాలకమండలి దగ్గర పదేపదే చుక్కెదురైంది. విసిగిపోయి ఎనిమిది తెగలు 1997లో మావోరీ భూమి న్యాయస్థానానికి వెళ్లాయి. పోటుకు తడిసి పాటుకు ఆరే నేల, దాన్ని ఆనుకున్న సముద్రగర్భం మా ఆచారప్రకారం మాదేనని తేల్చమన్నాయి. కేసు మెట్టుమెట్టూ ఎక్కి అప్పీలు కోర్టుకు చేరింది.

అక్కడ అయిదుగురు న్యాయమూర్తులు చెప్పింది చాలా చిన్న మాట. ఆచార హక్కు ఉందో లేదో విచారించే అధికారం మావోరీ భూమి న్యాయస్థానానికి ఉంది; స్పష్టమైన చట్టం ఏదీ లేకుండా ఆ హక్కు దానంతటది చచ్చిపోదు. ఒడ్డు పక్క భూమికి విచారణ పూర్తయితే తీరం మీది హక్కూ పోయినట్టేనన్న 1963 నాటి నైంటీ మైల్ బీచ్ తీర్పును తప్పని పక్కన పెట్టారు. తీరం మావోరీలదని మాత్రం వాళ్లు అనలేదు. ఈ తేడాను అప్పటి పత్రికల్లో చాలా భాగం గాలికొదిలేశాయి.

నాలుగు రోజులకే, జూన్ 23న, హెలెన్ క్లార్క్ నాయకత్వంలోని లేబర్ ప్రభుత్వం చట్టం తెస్తామని ప్రకటించింది. పై కోర్టుకు వెళ్లలేదు, కింది కోర్టులో విచారణ నడవనివ్వలేదు. దావా వేసే దారినే మూసెయ్యడం తర్వాత జరిగిన వాటన్నిటికీ బీజమైంది. మరుసటేడు జనవరిలో ప్రతిపక్ష నేషనల్ పార్టీ నేత డాన్ బ్రాష్ ఒరేవా పట్నంలో మావోరీలకు ప్రత్యేక హక్కులేమిటని ప్రసంగించేసరికి సర్వేల్లో ఆ పార్టీ ఒక్కసారిగా ఎగసింది. 2005 ఎన్నికల్లో దాని హోర్డింగు మీద 'బీచ్‌లు' అన్న మాట కింద ఒక వైపు ఈవీ (తెగ), మరో వైపు కీవీ (దేశ పౌరుడు). తెగ మనుషులు పౌరులు కారా అన్న ప్రశ్న ఆ ఒక్క అక్షరం తేడాలో కొట్టుకుపోయింది.

2004 ఏప్రిల్ 22న ఉత్తర ద్వీపం ఉత్తర కొస నుంచి బయల్దేరిన హీకోయ్, అంటే పాదయాత్ర, మే 5న వేలాదిమందితో రాజధాని వెల్లింగ్టన్ చేరింది. లేబర్ మంత్రి టారియానా టూరియా పదవీ పార్టీ రెండూ వదిలేసి మావోరీ పార్టీ పెట్టారు. అయినా నవంబరులో, విన్‌స్టన్ పీటర్స్ పార్టీ న్యూజిలాండ్ ఫస్ట్ మద్దతుతో, చట్టం అయ్యింది. తీరం, సముద్రగర్భం ప్రభుత్వ సొత్తు అయ్యాయి. అప్పటికే ప్రైవేటు పట్టాల్లో ఉన్న తీరపు ముక్కల జోలికి మాత్రం ఆ చట్టం పోలేదు. పట్టా ఉన్న ఆసామి తీరం పదిలం, పట్టా లేని తెగ తీరం సర్కారుది. ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ 2005 మార్చిలో తప్పుపట్టింది ఈ ధోరణినే.

2011లో నేషనల్, మావోరీ పార్టీల పొత్తు పుణ్యమా అని ఆ చట్టం రద్దయ్యి కొత్తది వచ్చింది. తీరం ఇకమీద ఎవరి సొత్తూ కాదు. కోర్టులో నిరూపించుకున్న తెగకు 'ఆచార సముద్ర హక్కు' దక్కుతుంది. దీంతో ఏం వస్తుందో, ఏం రాదో తెలియకపోతే ఇప్పటి గొడవ అర్థం కాదు. అమ్ముకోవడానికి లేదు. జనం నడిచే, ఈదే, పడవ నడిపే, చేపలు పట్టే హక్కుకు ఢోకా లేదు. కొత్త నిర్మాణానికో తవ్వకానికో అనుమతి అడిగితే ఆ తెగ వద్దనగలదు. పవిత్ర స్థలాలకు రక్షణ కోరగలదు. బంగారం, వెండి, యురేనియం, పెట్రోలియం తప్ప మిగతా ఖనిజాలు దానివి. ఇప్పటికే నడుస్తున్న జలసాగుకు, ముఖ్యమైన మౌలిక సదుపాయాలకు మినహాయింపు ఉంది. బీచ్‌కి గేటు పెడతారన్న భయానికి చట్టంలో ఆధారం లేదు.

చిక్కంతా 58వ సెక్షన్‌లో ఉంది. ఆ ప్రాంతం టికంగా (తెగ కట్టుబాటు) ప్రకారం తమ చేతిలో ఉండాలి. 1840 నుంచి నేటి దాకా పెద్ద అంతరాయం లేకుండా తామే 'ఏకైకంగా' వాడుతూ ఉండాలి. రెండూ చూపాలి. దరఖాస్తుకు గడువు 2017 ఏప్రిల్ 3. ఆ లోపు హైకోర్టుకు 200 దాకా దరఖాస్తులు వచ్చాయి, ఒకే తీరానికి రెండు మూడు తెగలవి కూడా. 1860లలో సర్కారే ఒడ్డు భూముల్ని జప్తు చేసి తెగను వెళ్లగొట్టిన చోట 'అంతరాయం లేకుండా' అని నిరూపించడం ఎలా? మరబోటు వేసుకొచ్చి ఎవరైనా గాలం వేసే సముద్రంలో 'ఏకైకం' అంటే ఏమిటి? అక్షరాలా చదివితే ఈ పరీక్షలో నెగ్గే తెగలు బహు కొద్ది.

ఉత్తర ద్వీపంలోని ఫకాటోహెయా తెగ ఈ ప్రశ్నలే వేసింది. ఆ తెగ భూములు 1866లో జప్తయ్యాయి. 2023 అక్టోబరులో అప్పీలు కోర్టు సెక్షన్‌ను మెత్తగా చదివింది: 1840లో ఏకైక వాడకం ఉండి, ఆ తర్వాత చట్టబద్ధంగా హక్కు రద్దు కాకపోతే చాలునంది. నెల తిరిగేసరికి కొత్త సంకీర్ణ ఒప్పందంలో న్యూజిలాండ్ ఫస్ట్ పెట్టించిన షరతు ఏమిటంటే, ఈ తీర్పును చట్టంతో తిరగరాయడం. 2004లో ఓట్లిచ్చిన పార్టీయే ఇది, నాయకుడూ ఆ పీటర్సే.

2024 డిసెంబరు 2న సుప్రీంకోర్టు అప్పీలు కోర్టు భాష్యాన్ని కొట్టేసింది. దాంతో సవరణ అవసరం తీరిందనుకున్నవాళ్లున్నారు. బిల్లును కొన్నాళ్లు పక్కన పెట్టిన ప్రభుత్వం, సుప్రీంకోర్టు చెప్పిన కొలత కూడా పార్లమెంటు అనుకున్నంత గట్టిగా లేదంటూ మళ్లీ ముందుకు తెచ్చింది. 2011 నాటి ఉద్దేశాన్ని నిలబెడుతున్నామని, తీరం మీద అందరికీ ఆసక్తి ఉంటుందని మంత్రి పాల్ గోల్డ్‌స్మిత్ వాదన. కొత్త నిబంధన ప్రకారం 1840 నుంచి మొత్తం కాలానికి రుజువు భారం తెగ మీదే. ఆధ్యాత్మిక, సాంస్కృతిక అనుబంధం ఒక్కటీ చూపితే కుదరదు. భౌతికంగా వాడిన ఆనవాలు కావాలి. జప్తు కాలంలో ఒడ్డుకు దూరమైన కుటుంబాలకు సరిగ్గా ఈ ఆనవాళ్లే కరువు.

పైగా సవరణ వెనక్కీ వర్తిస్తుంది. ప్రతిపాదన ప్రకటించిన 2024 జూలై ఆఖరి వారం నుంచి వెలువడిన తీర్పుల కింద హక్కులు గెలిచిన తెగలు మళ్లీ విచారణకు రావాలి. అదనపు ఖర్చుల కింద ప్రభుత్వం కోటీ యాభై లక్షల న్యూజిలాండ్ డాలర్లు కేటాయించింది. ఈ కేసుల్లో ముఖ్యమైన సాక్ష్యం ముసలివాళ్ల నోటి మాట: ఏ రాయి దగ్గర ఎవరు చిప్పలు ఏరేవారు, ఎవరి అనుమతితో. ఫకాటోహెయా కేసులో మొదట ఉన్న దరఖాస్తుదారు పేరు పక్కన హైకోర్టు తీర్పు పత్రంలోనే 'మరణించారు' అని రాసి ఉంది.